రిక్వైర్‌మెంట్ల సేకరణలో ప్రాజెక్టు పరిధి ఎక్కడ ఆగాలో తేల్చడం ఎలా?

ప్రశ్న: తొలి_ముసాయిదా

నమస్కారం. ఐదేళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేసిన తరువాత ఈ మధ్యనే బిజినెస్ అనలిస్ట్ బాధ్యతలోకి, అంటే వ్యవస్థ నుంచి సంస్థకు ఏం కావాలో తెలుసుకొని రాసే పనిలోకి వచ్చాను. నాకు అప్పగించిన మొదటి ప్రాజెక్టు ఒక మధ్యతరహా సంస్థకు సిబ్బంది సెలవుల నిర్వహణ వ్యవస్థను తయారు చేయడం. ప్రస్తుతం అక్కడ సెలవు దరఖాస్తులు కాగితం మీద నడుస్తున్నాయి. సెలవు నిల్వలు ఒక్కో శాఖలో ఒక్కో గుమాస్తా దగ్గర ఉన్న ఎక్సెల్ ఫైళ్లలో ఉన్నాయి.

మూడు వారాలుగా అవసరాలను (రిక్వైర్‌మెంట్లను) సేకరిస్తున్నాను. సిబ్బంది విభాగం అధిపతితో మొదలుపెట్టాను. దరఖాస్తు, మంజూరు, నిల్వ, ఈ మూడూ కంప్యూటర్‌లోకి వస్తే చాలని ఆయన అన్నారు. తరువాత జీతాల విభాగాన్ని కలిసినప్పుడు, జీతం లేని సెలవు రోజులు నేరుగా జీతాల లెక్కలోకి వెళ్లకపోతే ఈ వ్యవస్థ వల్ల తమకు ఒరిగేదేమీ లేదన్నారు. హాజరు యంత్రాలను చూసుకునే అధికారి, సెలవులో ఉన్నట్టు నమోదైన వ్యక్తి అదే రోజు యంత్రంలో వేలు పెడితే ఏమవుతుందని అడిగారు. శాఖాధిపతులు తమ బృందంలో ఏ వారం ఎవరు ఉండరో చూపే క్యాలెండర్ కావాలన్నారు. ఒకరు కొత్త ఉద్యోగుల చేరికను కూడా ఇందులోనే చేర్చమన్నారు. ఇప్పటికి నా పత్రం 43 పేజీలకు, 112 రిక్వైర్‌మెంట్లకు చేరింది. ఒక్కో సమావేశం ముగిసేసరికి అది మరో మూడు నాలుగు పేజీలు పెరుగుతోంది.

పరిధి విభాగంలో నేను రాసిన వాక్యం ఇది: “సిబ్బంది సెలవులకు సంబంధించిన అన్ని కార్యకలాపాలను కంప్యూటరీకరించడం.” దీన్ని సమావేశంలో చదివి వినిపించినప్పుడు ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అందరూ అంత తేలికగా తల ఊపడమే నాకు భయం కలిగించింది. పరిధి గీతను ఎక్కడ గీయాలి, ఎంత వివరంగా రాయాలి, ఎవరైనా కొత్తగా ఏదైనా అడిగినప్పుడు అది పరిధిలోకి రాదని ఏ ఆధారంతో చెప్పాలి అన్నవి నా సందేహాలు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

జవాబు: గీతకు_అటూఇటూ

మీకు కలిగిన భయం సరైనదే. “సంబంధించిన” అనే మాటకు హద్దు లేదు, “అన్ని” అనే మాటకు లెక్క లేదు. ఈ రెండూ ఒకే వాక్యంలో చేరితే చదివిన ప్రతివారికీ తమకు కావలసినదే అందులో కనిపిస్తుంది. ఆ గదిలో తల ఊపిన ఏడెనిమిది మంది ఏడెనిమిది వేరువేరు వ్యవస్థలకు ఒప్పుకొని లేచిపోయారు.

పరిధిని కోరికల జాబితాతో మొదలుపెట్టవద్దు. ఈ పనిని ఇప్పుడే ఎందుకు చేపట్టారు, చేపట్టకపోతే ఎవరికి ఏ నష్టం కొనసాగుతుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. దీనికి జవాబు చెప్పవలసినది ప్రాజెక్టుకు నిధులు మంజూరు చేసిన అధికారి. మీరు రాసిన మూడు వారాల వివరాల్లో ఆ వ్యక్తి ఎక్కడా కనిపించలేదు. ఎక్సెల్ ఫైళ్లు ఉండటం ఆయనకు సమస్య కాకపోవచ్చు, ఎన్నో సంస్థలు ఎక్సెల్ ఫైళ్లతో హాయిగానే నడుస్తున్నాయి. ఆ ఫైళ్ల వల్ల జరుగుతున్న ఏదో ఒకటి ఆయనను ఇబ్బంది పెట్టి ఉండాలి. అది తెలిసిన రోజున మీ 112లో సగం వాటి బరువు మారిపోతుంది.

రెండో పని, ఒక్క కాగితం మీద కాంటెక్స్ట్ డయాగ్రమ్ గీయడం. నిర్మాణాత్మక విశ్లేషణ పద్ధతులు వాడుకలోకి వచ్చిన 1970ల చివరి నుంచి ఉన్న పాత పటమే ఇది. ఇంతకంటే పదునైన పనిముట్టు నాకు ఇప్పటికీ దొరకలేదు. మధ్యలో మీ వ్యవస్థకు ఒక వృత్తం గీసి, చుట్టూ దానితో ఇచ్చిపుచ్చుకొనే మనుషులకూ ఇతర వ్యవస్థలకూ పెట్టెలు వేయండి. వాటి మధ్య బాణాలు గీసి, ఒక్కో బాణం మీద అటూ ఇటూ ప్రయాణించే సమాచారం పేరు రాయండి. “అనుసంధానం” అని రాస్తే లాభం లేదు. “గత నెల జీతం లేని సెలవు రోజుల సంఖ్య, ఉద్యోగి వారీగా” అని రాయాలి. అలా పేరు పెట్టగానే ఆ సమాచారాన్ని ఎవరు పంపుతారు, ఏ తేదీన పంపుతారు, రాకపోతే ఎవరు అడుగుతారు అన్న ప్రశ్నలు వాటంతట అవే లేస్తాయి. పరిధి తగాదాలలో ఎక్కువ భాగం వృత్తం లోపల పుట్టవు, ఈ బాణాల దగ్గరే పుడతాయి.

మీరు చెప్పిన హాజరు యంత్రం సంగతే తీసుకోండి. సెలవు మంజూరైన రోజున ఉద్యోగి పనికి వచ్చాడు. ఆ వ్యత్యాసాన్ని మీ వ్యవస్థ కనిపెట్టాలా, కనిపెట్టి చూపిస్తే చాలా, లేక తానే సెలవును రద్దు చేసి నిల్వను సరిచేయాలా? ఇవి మూడు వేరువేరు పరిధులు. మొదటిదానికి హాజరు వివరాలు చదవగలిగితే చాలు. మూడోదానికి ఎవరి మాట చెల్లుతుందన్న సంస్థాగత నియమం కావాలి. అటువంటి నియమం ఆ సంస్థలో ఈనాటి వరకు ఎవరూ రాసి ఉండరు, దాన్ని ప్రోగ్రామర్లు ఊహించి రాయకూడదు. “హాజరు యంత్రాలతో అనుసంధానం పరిధిలో ఉంది” అనే ఒక్క వాక్యం ఈ మూడింటినీ కప్పేస్తుంది.

ఇక అసలు చెప్పదలచినది. పరిధి పత్రంలో అందరూ ఆసక్తిగా రాసేది లోపల ఉన్నవాటి గురించి. నేను ఎక్కువ సమయం పెట్టేది బయట ఉన్నవాటి మీద. “కిందివి పరిధిలో లేవు” అని రాసి నాలుగు పేర్లు పెడితే సరిపోదు. ఒక్కోదాని పక్కన, మరి ఆ పనిని ఇకపై ఎవరు, ఏ విధంగా చేస్తారో రాయాలి. “వాడని సెలవులకు డబ్బు చెల్లింపు ఈ వ్యవస్థ పరిధిలోకి రాదు. దాన్ని జీతాల విభాగం ఇప్పటి పద్ధతిలోనే లెక్కిస్తుంది. అందుకు కావలసిన నిల్వల పట్టికను మాత్రం ఈ వ్యవస్థ ఇస్తుంది” అని రాసి, జీతాల విభాగం చేత ఒప్పించాలి. దిక్కులేని పనిని గీతకు అవతల వదిలిపెడితే అది అక్కడ నిలవదు. అమలుకు వారం ముందు మీ తలుపు తడుతుంది, అప్పుడు కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

మరొకటి, తయారయ్యే వ్యవస్థ పరిధి వేరు, దాన్ని నిలబెట్టడానికి చేయవలసిన పని పరిధి వేరు. ప్రాజెక్టు నిర్వహణలో ఈ రెండింటికీ ప్రొడక్ట్ స్కోప్, ప్రాజెక్ట్ స్కోప్ అని విడివిడి పేర్లే ఉన్నాయి. ఆ ఎక్సెల్ ఫైళ్లలోని నిల్వలను కొత్త వ్యవస్థలోకి ఎవరు ఎక్కిస్తారు? గుమాస్తా లెక్కకూ ఉద్యోగి లెక్కకూ పొంతన కుదరకపోతే ఏది సరైనదని ఎవరు తేలుస్తారు? ఇది ఏ తెర మీదా కనిపించే పని కాదు కాబట్టి రిక్వైర్‌మెంట్ల జాబితాలోకి ఎన్నటికీ రాదు. అయినా వ్యవస్థ మొదలయ్యే తేదీని నిర్ణయించేది తరచుగా అదే.

జవాబు: తొలి_ముసాయిదా

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు నిధులు మంజూరు చేసిన ఆర్థిక విభాగం అధికారిణిని కలిశాను. పావుగంటలో ఆమె చెప్పిన విషయం నాకు మూడు వారాల్లో తెలియలేదు. జీతం లేని సెలవుల సమాచారం జీతాలు చెల్లించిన తరువాత చేరుతోందట. ప్రతి నెలా ముందు నెల కోతలను సరిదిద్దవలసి వస్తోందట. ఉద్యోగ విరమణ చేసినవారి విషయంలో ఆ కోతలను రాబట్టడం కూడా కుదరడం లేదట. ఆమెకు కావలసింది జీతాల లెక్క మూసే తేదీకి సరైన అంకె చేరడం. శాఖాధిపతుల క్యాలెండర్ గురించి ఆమె వినను కూడా లేదు.

పటం గీసినప్పుడు మరో సంగతి బయటపడింది. అంతర్గత ఆడిట్ వారు ఏటా సెలవు రికార్డులు తీసుకొంటారని ఒక గుమాస్తా మాటల మధ్యలో చెప్పారు. వారికి నేను పెట్టె వేయలేదు, వారితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఇప్పుడు చిక్కంతా ఒక్క చోట ఉంది. ఒప్పంద సిబ్బంది ఈ వ్యవస్థలోకి రారని సిబ్బంది విభాగం అంటోంది, ఎందుకంటే వారి సెలవులను వారిని పంపిన ఏజెన్సీలు చూసుకుంటాయి. వారిని తప్పనిసరిగా చేర్చాలని కార్యనిర్వహణ విభాగం అంటోంది, ఎందుకంటే అక్కడి పనివారిలో సగానికి పైగా వారే. ఇద్దరూ నన్నే తేల్చమంటున్నారు. దీన్ని నేను తేల్చవచ్చా?

జవాబు: అంచనాల_మేస్త్రి

తేల్చకూడదు. నేను ప్రాజెక్టు మేనేజర్‌గా ఉన్న కాలంలో అనలిస్టులు చేయగా చూసిన అతి పెద్ద పొరపాటు ఇదే. రెండు విభాగాల మధ్య గొడవను మంచితనంతో సర్దబోయి, పత్రంలో “ఒప్పంద సిబ్బందికి అవసరమైన మేరకు” అని రాసి ఊరుకుంటారు. ఆ మాట ఆరు నెలల తరువాత రెండు పక్షాల చేతిలోనూ ఆయుధమవుతుంది. నిర్ణయం నిధులిచ్చిన అధికారిణిది. ఆమె నిర్ణయించగలిగేలా రెండు దారులనూ ఎదురెదురుగా పెట్టడం మీ పని. చేర్చితే ఏజెన్సీల సెలవు నియమాలు ఎన్ని రకాలుగా ఉన్నాయి, వాటిని ఎవరు నిర్వహిస్తారు, వారి జీతాల లెక్క మీ సంస్థలో జరగనప్పుడు ఆమె చెప్పిన సమస్యకు వారి చేరిక ఎంతవరకు తోడ్పడుతుంది? చేర్చకపోతే కార్యనిర్వహణ విభాగం తన పనివారి లభ్యతను ఎలా తెలుసుకుంటుంది? ఇవన్నీ ఒకే పేజీలో రాసి సంతకానికి పెట్టండి.

నిర్ణయం అయిన తరువాత దాన్ని తేదీతో, కారణంతో సహా నిర్ణయాల పట్టికలో నమోదు చేయండి. కారణం రాయడం మరవకండి. నిర్ణయం మాత్రమే ఉంటే తరువాత వచ్చిన ఒక కొత్త అధికారి అదంతా ఏదో మొండితనమని అనుకుంటారు. కారణం కూడా ఉంటే, ఆ కారణం ఇంకా నిలిచి ఉందా లేదా అన్న చర్చ జరుగుతుంది.

పరిధి స్పష్టత అంచనాలను ఎంతగా ప్రభావితం చేస్తుందో చెప్పడానికి ఒక పాత లెక్క ఉంది. సాఫ్ట్‌వేర్ ఖర్చుల మీద బ్యారీ బోయెమ్ 1981లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఆలోచన దశలో వేసిన అంచనాకూ నిజంగా తేలే ఖర్చుకూ మధ్య తేడా నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల వరకు ఉండవచ్చు. అవసరాలు స్పష్టంగా తేలేకొద్దీ ఆ వెడల్పు తగ్గుతుంది. అయితే కాలం గడిచినంత మాత్రాన అది తగ్గదు, నిర్ణయాలు జరిగితేనే తగ్గుతుంది. మీ 43 పేజీలు 60 అయినా, ఒప్పంద సిబ్బంది విషయం తేలనంత కాలం మీ అంచనా వెడల్పు అంతే.

పేజీల గురించి ఎందుకు అంటున్నానంటే, పెద్ద పత్రానికీ స్పష్టమైన పరిధికీ సంబంధం లేదు. అమెరికాలో దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కేసు ఫైళ్ల కోసం తలపెట్టిన వర్చువల్ కేస్ ఫైల్ ప్రాజెక్టుకు 800 పేజీలకు మించిన అవసరాల పత్రం ఉండేది. సుమారు 17 కోట్ల డాలర్ల ఖర్చు తరువాత 2005లో దాన్ని వదిలేశారు. ఫలానా తెర మీద ఫలానా బటన్ ఎక్కడ ఉండాలన్న వివరాలు ఆ పత్రంలో విరివిగా ఉన్నాయని తరువాత విమర్శలు వచ్చాయి. పని మొదలయ్యాక కూడా మార్పులు వందల్లో వచ్చిపడ్డాయి.

లోపల ఉన్న 112 రిక్వైర్‌మెంట్లకు ప్రాధాన్యం నిర్ణయించడానికి మాస్కో (MoSCoW) పద్ధతి మీకు సరిపోతుంది. డై క్లెగ్ 1994లో రూపొందించిన పద్ధతి ఇది. తప్పక ఉండాలి (Must), ఉండాలి (Should), ఉంటే బాగుంటుంది (Could), ఈ విడతలో ఉండదు (Won't) అనే నాలుగు గంపలు, ఆ ఆంగ్ల మాటల మొదటి అక్షరాల నుంచే ఆ పేరు. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చిన డీఎస్‌డీఎం అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల నిర్వహణ పద్ధతిలో ఒక జాగ్రత్త చెబుతారు: “తప్పక ఉండాలి” అన్నవాటికి పట్టే శ్రమ మొత్తం శ్రమలో 60 శాతానికి మించకూడదు, “ఉంటే బాగుంటుంది” అన్నవి ఇరవై శాతం చుట్టూ ఉండాలి. ఎందుకంటే గడువు ముంచుకొచ్చినప్పుడు వదులుకోవడానికి ఏదైనా మిగిలి ఉండాలి. మొదటిసారి అడిగితే ప్రతివారూ తమవన్నీ మొదటి గంపలోనే వేస్తారు. “ఇది లేకపోతే వ్యవస్థను మొదలుపెట్టకుండా ఆపేస్తారా?” అని ఒక్కోదానికీ విడిగా అడగండి. క్యాలెండర్ విషయంలో ఈ ప్రశ్నకు వచ్చే జవాబు నాకు ఇప్పుడే తెలుసు.

జవాబు: అంచు_పరీక్ష

నేను టెస్టింగ్ వైపు నుంచి ఒక్క విషయం చెబుతాను. పరిధి వాక్యం బాగుందో లేదో చూడటానికి నా దగ్గర ఒక మొరటు పరీక్ష ఉంది. ఆ వాక్యం చదివి, అందులోకి రాని సెలవు పని ఒకటి చెప్పమని పక్కవారిని అడుగుతాను. చెప్పలేకపోతే ఆ వాక్యానికి అంచు లేనట్టే. మీ పాత వాక్యం ఈ పరీక్షలో నిలవదు. సెలవు పెట్టిన ఉద్యోగి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోవడం కూడా “సెలవులకు సంబంధించిన కార్యకలాపమే” అని ఎవరైనా వాదించవచ్చు.

రిక్వైర్‌మెంట్ల రచనకు ఐఎస్‌ఓ, ఐఈసీ, ఐఈఈఈ అనే ప్రమాణాల సంస్థలు కలిసి 29148 అనే ప్రమాణాన్ని 2011లో తెచ్చి, 2018లో సవరించాయి. పాత ఐఈఈఈ 830 ప్రమాణం స్థానంలో వచ్చినది ఇదే. వాడకూడని మాటల రకాలు అందులో ఉన్నాయి. “సులభంగా వాడగలిగే” వంటి ఆత్మాశ్రయ పదాలు, “వీలైతే”, “తగినట్టుగా” వంటి తప్పించుకొనే సందులు, “వీటికే పరిమితం కాకుండా” వంటి తలుపు తెరిచి ఉంచే పదబంధాలు ఆ కోవలోకి వస్తాయి. తెలుగులో రాసేటప్పుడు ఆ జాబితాకు నేను “మొదలైన”, “తదితర”, “వగైరా” కలుపుతాను. “వార్షిక సెలవు, అనారోగ్య సెలవు మొదలైనవి” అని రాస్తే, ఆ “మొదలైనవి”లో ఎన్ని రకాల సెలవులు ఉన్నాయో నాకు తెలిసేది పరీక్షలు ముగిశాక, అదీ ఫిర్యాదు రూపంలో.

మీ 112 రిక్వైర్‌మెంట్లలో ఈ మాటలను ఒకసారి వెతకండి. ఒక్కో చోట ఒక్కో నిర్ణయం తప్పించుకొని దాక్కొని ఉంటుంది.

జవాబు: రెండు_వారాల_విడత

పై జవాబుల్లో చాలా మంచి విషయాలు ఉన్నా, మొత్తం ధోరణితో నేను ఏకీభవించలేకపోతున్నాను. సంతకాలు, నిర్ణయాల పట్టికలు అంటూ మొదట్లోనే అన్నిటికీ తాళం వేయడం ఎందుకు? వాడుకరులకు తమకేం కావాలో ఏదో ఒకటి కళ్లతో చూసే వరకు తెలియదు. చిన్న విడతలుగా కట్టి చూపిస్తూ సాగే అజైల్ పద్ధతి గురించి 2001లో 17 మంది కలిసి వెలువరించిన అజైల్ ప్రకటన, ఒప్పందాల బేరసారాల కంటే వినియోగదారుతో కలిసి పనిచేయడానికీ, ప్రణాళికను పాటించడం కంటే మార్పుకు స్పందించడానికీ ఎక్కువ విలువ ఇచ్చింది. మేస్త్రిగారు చెప్పిన ఎఫ్‌బీఐ కథకు రెండో భాగం కూడా ఉంది. వర్చువల్ కేస్ ఫైల్ తరువాత దాని స్థానంలో చేపట్టిన సెంటినెల్ ప్రాజెక్టు కూడా చిక్కుల్లో పడితే, 2010లో ఎఫ్‌బీఐ ఆ పనిని తన చేతుల్లోకి తీసుకొని, అజైల్ పద్ధతికి మార్చి, 2012లో వాడుకలోకి తెచ్చింది.

నా సలహా ఏమిటంటే, దరఖాస్తు నుంచి మంజూరు వరకు, మంజూరు నుంచి జీతాల లెక్కకు చేరే అంకె వరకు ఉన్న ఒక్క సన్నని దారిని ఒకే శాఖకు ముందుగా కట్టి చూపించండి. రెండు నెలల జీతాల లెక్కలు దాని మీద నడిచేసరికి మీ 112లో ఎన్ని నిజమైన అవసరాలో, ఎన్ని సమావేశంలో ఏదో ఒకటి చెప్పాలని చెప్పినవో తేలిపోతుంది.

జవాబు: గీతకు_అటూఇటూ

మీరు చెప్పిన సన్నని దారి ఆలోచన నాకు నచ్చింది, తొలి_ముసాయిదా గారు దాన్ని తప్పక పరిశీలించాలి. కానీ మనం ఇద్దరం రెండు వేరువేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నామని నా అనుమానం. గీత లోపల ఏం ఉంటుందో, ఏ క్రమంలో వస్తుందో, తెరలు ఎలా ఉంటాయో నెలనెలా మారవచ్చు, మారాలి కూడా. గీత మాత్రం వేరే రకం వస్తువు. జీతాల విభాగానికి ఏ తేదీన ఏ సమాచారం అందుతుంది, హాజరు యంత్రం మాటకూ సెలవు రికార్డుకూ తేడా వస్తే ఎవరి మాట చెల్లుతుంది అన్నవి మీ బృందం ఒక్కటే మార్చుకోగలిగినవి కావు. అవతలి వైపు మరో విభాగం వాటిని నమ్ముకొని తన పనిని అమర్చుకుంటుంది. లోపలి వివరాలను రెండు వారాలకొకసారి మార్చే స్వేచ్ఛ మీకు దక్కాలంటే, బాణాల మీద రాసినవి కొంతకాలం కదలకుండా ఉండాలి.

మార్పు రాకూడదని నేనూ అనను. కొత్త కోరిక వచ్చినప్పుడు నేను మొదట చూసేది అది గీతను దాటుతుందా అని. క్యాలెండర్‌లో రంగులు మార్చమంటే అది లోపలి విషయం, బృందం చూసుకుంటుంది. కొత్త ఉద్యోగుల చేరిక చేర్చమంటే కొత్త పెట్టె, కొత్త బాణాలు, కొత్త యజమాని వస్తారు. అది నిధులిచ్చినవారి ముందుకు వెళ్లవలసిన మార్పు. మీరు అడిగిన మూడో ప్రశ్నకు, అంటే కాదని ఏ ఆధారంతో చెప్పాలన్నదానికి, నా జవాబు ఇదే. కాదని మీరు చెప్పనక్కర లేదు. పటాన్ని బల్ల మీద పెట్టి, ఈ కోరికకు ఎక్కడ చోటు ఉందో వారినే చూపించమనండి. చోటు లేకపోతే ఆ సంగతి వారికే కనిపిస్తుంది, తరువాతి ప్రశ్న “దీనికి అనుమతి ఎవరిని అడగాలి?” అని వారి నోటి నుంచే వస్తుంది.

ఆడిట్ గురించి మీరు రాసింది చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే నా మొదటి ప్రాజెక్టులోనూ ఆ పెట్టే మరిచిపోయాను. రికార్డులు ఎన్నేళ్లు ఉంచాలి, మంజూరు చేసిన సెలవును ఎవరు ఎప్పుడు మార్చారో చూపాలా అన్నవి వారిని ఇప్పుడే అడగండి. డేటాబేస్ రూపకల్పన అయ్యాక అడిగితే ఖర్చు వేరుగా ఉంటుంది.

జవాబు: తొలి_ముసాయిదా

అందరికీ ధన్యవాదాలు. ఒప్పంద సిబ్బంది విషయాన్ని ఒక పేజీలో పెట్టి అధికారిణికి ఇచ్చాను. ఈ విడతలో చేర్చవద్దని ఆమె రాసి సంతకం చేశారు. ఏజెన్సీల నుంచి వారం వారం వచ్చే లభ్యత జాబితాను కార్యనిర్వహణ విభాగమే నేరుగా తెప్పించుకోవడానికి ఒప్పుకొంది. ఆశ్చర్యమేమిటంటే, దిక్కు చూపించిన తరువాత వారి అభ్యంతరం దాదాపుగా పోయింది. తమ మాట ఎక్కడికీ చేరదేమోనన్న ఆందోళనే అంత పట్టుదలకు కారణమని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆడిట్ వారికి పటంలో పెట్టె వేసి, వచ్చే వారానికి సమావేశం అడిగాను. “మొదలైన” అనే మాట నా పత్రంలో 19 చోట్ల దొరికింది. వాటిలో ఏడింటికి అసలు జవాబు ఎవరి దగ్గరా లేదు.

పరిధి వాక్యాన్ని ఇలా తిరగరాశాను: “సంస్థ నేరుగా జీతం చెల్లించే శాశ్వత ఉద్యోగుల సెలవు దరఖాస్తు, మంజూరు, రద్దు, నిల్వల లెక్కింపులను ఈ వ్యవస్థ నిర్వహిస్తుంది. ప్రతి నెలా జీతాల లెక్క మూసే తేదీకి రెండు పనిదినాల ముందు, ఉద్యోగి వారీగా జీతం లేని సెలవు రోజుల సంఖ్యను జీతాల విభాగానికి ఫైలు రూపంలో అందిస్తుంది. హాజరు వివరాలను చదివి వ్యత్యాసాలను శాఖాధిపతికి చూపిస్తుంది, రికార్డులను తానుగా మార్చదు. వాడని సెలవులకు చెల్లింపు, కొత్త ఉద్యోగుల చేరిక, ఒప్పంద సిబ్బంది సెలవులు ఈ విడత పరిధిలో లేవు. వాటి బాధ్యులు అనుబంధ పట్టికలో ఉన్నారు.” పాత నిల్వల మార్పిడికి వేరే పేరా పెట్టాను. శాఖల గుమాస్తాలు ఉద్యోగుల చేత సరిచూపించి సంతకం తీసుకున్న నిల్వలనే కొత్త వ్యవస్థలోకి ఎక్కిస్తామని అందులో రాశాను. మొదటగా ఏ శాఖతో సన్నని దారి వేయాలన్నది సోమవారం తేలుతుంది.

జవాబు: అంచు_పరీక్ష

నా మొరటు పరీక్షలో ఇది నిలిచింది, అంచు కనిపిస్తోంది. రెండు చోట్ల మాత్రం గోరు పెట్టి చూస్తాను. మొదటిది “శాశ్వత ఉద్యోగులు”. ప్రొబేషన్‌లో ఉన్నవారికి కూడా సంస్థే నేరుగా జీతం చెల్లిస్తుంది, కానీ వారు ఇంకా శాశ్వత ఉద్యోగులు కారు. వారు లోపలా, బయటా? రెండోది, ఫైలు పంపిన తరువాత మిగిలిన ఆ రెండు పనిదినాల్లో మంజూరైన సెలవు ఆ నెల లెక్కలోకి వస్తుందా, పై నెలలోకి వెళుతుందా? అధికారిణి చెప్పిన కోతల సమస్య ఆ సందులోంచే తిరిగి రాగలదు. సోమవారం సమావేశానికి జీతాల విభాగం నుంచి కూడా ఒకరు వచ్చేలా చూడండి.